నెమలీక న్యాయం

ఒకానొక రాజ్యంలో చెవులు మహా సున్నితమైన రాజుగారొకరు ఉండేవారు. రాజ్యం పేరు నీలగుండం, రాజుగారి పేరు కోమలేంద్ర భూపతి. ఎంత సున్నితమంటే, కోట వంటింట్లో అప్పడం విరవాలంటే తడిగుడ్డ కప్పి విరవాలి. కోడికూత గుచ్చుకుంటోందని కోళ్ళన్నిటినీ పొరుగూరికి తోలేశారు. పొద్దున్నే ఆయన్ని లేపడానికి ఒక ముసలాయన మంచం పక్కన కూర్చుని "కొక్కొరొకో" అని గుసగుసలాడేవాడు. రాజుగారు లేచేసరికి మధ్యాహ్నం అయ్యేది. పాపం, అది ఆ ముసలాయన తప్పు కాదు.

ఇలాంటాయనకి అన్నిటికంటే గిట్టనిది ఫిర్యాదు. జనం దర్బారుకొస్తారు, గొంతెత్తుతారు, ఏడుస్తారు, చేతులు తిప్పుతారు. వాళ్ళు చెప్పే సంగతి రాజుగారి బుర్రకి ఎక్కేది కాదు, గొంతు మాత్రం చెవిలో దిగేది.

"వీళ్ళ కష్టాలంటే నాకు జాలే. ఆ చెప్పే తీరే బొత్తిగా బాగుండదు" అనేవారు నొచ్చుకుంటూ.

ఆస్థానంలో మంజుల భట్టు అని ఒక సంగీత పండితుడుండేవాడు. ఆయన ఒక ఉపాయం చెప్పాడు. సభ మధ్యలో దారం కట్టి ఒక నెమలీక వేలాడదీశారు. ఫిర్యాదు చెప్పుకునేవాళ్ళు ముందు నాలుక మీద తేనెచుక్క వేయించుకోవాలి, తర్వాత చిరునవ్వు నవ్వాలి, ఆ తర్వాత ఈకకి జానెడు దూరంలో నోరు పెట్టి మాట్లాడాలి. మాట్లాడుతుండగా ఈక కదిలిందా, "స్వరం మోటు" అని భట్టుగారు గంట కొడతారు. ఫిర్యాదు కొట్టేసినట్టే. ఆ గంట కూడా మామూలుది కాదండోయ్. రాజుగారి చెవులకి హాయిగా ఉండాలని లోపల దూది కూరారు. కొడితే "డుబ్" అంటుంది.

రాజుగారు మురిసిపోయి భట్టుగారిని స్వరాధికారిని చేశారు. సభ గుమ్మం పక్కన పాలరాతి మీద "రాజుకైనా రైతుకైనా ఒకటే ఈక" అని చెక్కించారు. ఆ మాట ఆయన సొంతంగా అల్లినది. ఎవరొచ్చినా దగ్గరుండి చదివించేవారు. తనకి కూడా ఎప్పుడైనా ఫిర్యాదు పుడుతుందని ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

ఏడాది తిరిగేసరికి ఒక్క ఫిర్యాదూ నిలబడలేదు. "చూశారా, నా రాజ్యంలో కష్టమనేదే లేదు" అని రాజుగారు పొంగిపోయారు.

ఇక మన మాసెన్న సంగతి. ఊళ్ళో డప్పు కొట్టి చాటింపు వేసేది ఇతనే. కోటగుమ్మం దగ్గర నిలబడి ఒక్క కేక వేశాడంటే అవతలి కొండ మీద మేకలు తల తిప్పి చూసేవి. రాజుగారి ఆజ్ఞ ఏదైనా మాసెన్న గొంతులోంచి వెళ్ళాల్సిందే. ఊరేగింపులో పట్టపుటేనుగు ముందు నడిచేదీ అతనే. ఆ ఏనుగు పేరు భద్రం. దానికి మావటివాడి మాట కంటే మాసెన్న డప్పు మీదే గురి. డప్పు ఎటు పోతే అటు పోయేది. ఈక వచ్చాక కూడా మాసెన్న కేకలు ఆగలేదు, ఎవరూ ఆపలేదు. ఎందుకు ఆపుతారు? అతను అరుస్తున్నది వాళ్ళ ఆజ్ఞలేగా!

మాసెన్న వాళ్ళ వాడ ఊరి పక్క పారే వంకకి అవతల, ఊరికి దూరంగా ఉండేది. ఊరి బావి గట్టు వాళ్ళని ఎక్కనిచ్చేవారు కాదు. వంక ఇసుకలో చెలమలు తోడుకుని, ఊరిన నీళ్ళు ముంచుకుని తాగేవారు. తాతల నాటి నుంచీ అంతే. ఆ చలికాలంలో రాజుగారు వంకకి ఎగువన ఏనుగుల కోసం కొత్త సావిడి కట్టించారు. నలభై ఏనుగుల పేడా మూత్రమూ కడిగిన నీళ్ళు కాలవ తవ్వి వంకలోకే వదిలారు. చెలమల నీళ్ళు పచ్చబడ్డాయి. వాడలో ఇంటికొకరు చొప్పున వాంతులతో మంచం ఎక్కారు.

మాసెన్న మనవరాలు పోచికి ఐదేళ్ళు. వాడ మొత్తం మీద తాత తర్వాత అంత గొంతు దానిదే. అన్నం ఆలస్యమైతే ఏడుపు వంక దాటి వినిపించేది. అలాంటి పిల్ల పది రోజులుగా మంచానికి అతుక్కుపోయి ఉంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. నోరు తెరుస్తోంది, శబ్దం రావడం లేదు. అది చూసి మాసెన్న పెళ్ళాం సుంకమ్మకి గుండె చెరువైపోయింది. కొంగు బిగించి దర్బారుకి బయల్దేరింది.

మాసెన్న సభ గుమ్మం దగ్గరే నిలబడి లోపల జరిగేదంతా చూశాడు.

మొదటి రోజు సుంకమ్మ తేనె నాకి, నవ్వానని అనుకుని, "దొరా, మీ ఏనుగుల పెంట మా నీళ్ళలో కలుస్తోంది. పిల్లలు సచ్చిపోతున్నారు!" అంది. మామూలుగానే అంది. కానీ మూడు గుడిసెల అవతలివాళ్ళతో మాట్లాడి అలవాటైన గొంతు అది. ఈక గిర్రున తిరిగింది.

డుబ్.

"స్వరం మోటు. కుదురుగా మాట్లాడ్డం నేర్చుకుని రావమ్మా" అన్నారు భట్టుగారు.

రెండో రోజు పళ్ళు బిగబట్టి గుసగుసగా చెప్పింది. ఈక కదల్లేదు. రాజుగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమంది?" అన్నారు.

"నాకూ వినపడలేదు మహారాజా" అన్నారు భట్టుగారు. "వినపడని ఫిర్యాదు చేయని ఫిర్యాదే."

డుబ్.

మూడో రోజు సుంకమ్మ మొండికేసింది. దారి పొడుగునా సాధన చేసుకుంటూ వచ్చింది. తేనె నాకి, చెంపలు నొప్పెట్టేలా నవ్వి, పిల్లకి జోల పాడినట్టు సన్నగా, తియ్యగా అంతా చెప్పింది. నీళ్ళు పచ్చబడడం, వాంతులు, పోచి నోరు తెరిచినా శబ్దం రాకపోవడం, అన్నీ. ఈక ఉలకలేదు, పలకలేదు. అన్ని మాటలూ రాజుగారికి చక్కగా వినిపించాయి.

"ఆహా!" అన్నారు రాజుగారు కళ్ళు మూసుకుని. "ఎంత తియ్యగా చెప్పావమ్మా! ఇంకొక్కసారి."

సుంకమ్మ ఆశగా ఇంకోసారి చెప్పింది. సభంతా చప్పట్లు కొట్టింది.

"మరి కాలవ ఎప్పుడు మళ్ళిస్తారు దొరా?"

రాజుగారు ముద్దుగా నవ్వారు. "ఇంత హాయిగా చెప్పగలిగావంటే బాధ పెద్దదేం కాదన్నమాట! వెళ్ళిరా అమ్మా. పండగ కచేరీకి తప్పకుండా రా, మళ్ళీ విందాం."

చేతిలో తాంబూలం పెట్టి పంపేశారు. ఒళ్ళు మండదూ? సుంకమ్మ ఆ తాంబూలాన్ని గుమ్మం బయట మాసెన్న చేతిలో పడేసింది.

"ఇదిగో, నమిలి మింగు. అరిస్తే మోటు, అరవకపోతే వినపడదు, తియ్యగా చెబితే పాట! ఇంక నేను ఏ గొంతుతో చెప్పాలయ్యా?"

మాసెన్న ఆ తాంబూలాన్ని గుమ్మం పక్కన పెట్టేశాడు.

"ముప్పై ఏళ్ళుగా ఆ రాజు మాట ఊరంతా మోస్తున్నావే. మన మాట ఒక్కటి మోయలేవా?" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ మాట మాసెన్నకి ముల్లులా గుచ్చుకుంది. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు కోట నుంచి కబురొచ్చింది. పున్నమి నాడు రాజుగారి పుట్టినరోజు. పట్టపుటేనుగు మీద ఊరేగింపు. జనమంతా వీధుల్లో బారులు తీరాలి, పూలు చల్లాలి. చాటింపు వెయ్యమని ఆజ్ఞ.

మాసెన్న తిన్నగా మంజుల భట్టు దగ్గరికి వెళ్ళి, వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, నాదొక సందేహం."

"ఏమిట్రా మాసిగా?"

"మా ఆడమనిషి గొంతు మోటన్నారు. నిజమే. మరి నా గొంతు అంతకంటే మోటు కదయ్యా. రాజుగారి శుభమైన మాటని ఇంత మోటు గొంతుతో చాటడం తప్పు కాదా? నేను కూడా ఈకకి లోబడే చాటాలేమో అని..."

భట్టుగారి మొహం విప్పారింది. పుట్టి బుద్ధెరిగాక ఒక చాటింపువాడు తనంతట తాను వచ్చి ఈక కట్టమని అడగడం ఆయన ఎరగరు. "భేష్! మీలో ఒకడికైనా బుద్ధి వచ్చింది. ఇకపై చాటింపు కూడా ఈక ముందే. ఈక కదలరాదు" అన్నారు.

"డప్పు మాటో?"

"డప్పుకీ అదే నియమం!"

"తాటాకు మీద రాసి ముద్ర వేసిస్తే నేను తల మీద పెట్టుకుంటానయ్యా."

భట్టుగారు సంతోషంగా రాసి ముద్ర వేశారు. మాసెన్న దాన్ని తలపాగాలో దోపుకున్నాడు.

మర్నాడు ఊరు ఊరంతా వింత చూసింది. మాసెన్న ఒక పుల్లకి నెమలీక కట్టి మూతి ముందు పెట్టుకున్నాడు. డప్పు కొట్టే కర్రకి దూది ఉండ చుట్టాడు. వీధి మొదట్లో నిలబడి డప్పు మీద దూదిని ఆనించి తీశాడు. ఆ తర్వాత పెదవులు కదిలించి, ఈక కదలకుండా, చాటింపంతా అప్పజెప్పి పక్క వీధికి వెళ్ళాడు. ఒక్క అక్షరం వదల్లేదు. పాపం, ఒక్క అక్షరం ఎవరికీ వినపడనూ లేదు.

అరుగు మీద కూర్చున్న అవ్వ ఒకావిడ జాలిపడింది. "ఏం నాయనా మాసెన్నా, పంటి నొప్పా? లవంగం పెట్టుకో" అంది. మాసెన్న దణ్ణం పెట్టి ముందుకి కదిలాడు.

పున్నమి రానే వచ్చింది. రాజుగారు వజ్రాలు దిగేసుకుని భద్రం మీద అంబారీలో కూర్చున్నారు. దారిలో ఎవరైనా ఏదైనా చెప్పబోతారేమోనని భట్టుగారు ఈక, తేనెగిన్నె, దూదిగంట పట్టుకుని వెనక కూర్చున్నారు. ముందు మాసెన్న దూది కర్రతో డప్పుని నిమురుతూ నడిచాడు.

కోట దాటారు. వీధిలో ఎవరూ లేరు. ఒక మేక ఉంది. రాజుగారు అలవాటు చొప్పున దానికే చెయ్యి ఊపారు. పక్క వీధిలోకి తిరిగితే మేక కూడా లేదు.

భద్రానికి ఏమీ పాలుపోలేదు. ముందు డప్పు మోగితే కదా దానికి ఊరేగింపని తెలిసేది! ఎటు చూసినా నిశ్శబ్దం, ఎండ. రోజూ ఆ వేళకి తను స్నానానికి పోతుంది. సరే, ఇదీ అదే అనుకుంది. తొండం ఆడించుకుంటూ వంక దారి పట్టింది.

మావటి గతుక్కుమన్నాడు. అంకుశం పొడిచాడు, అది లెక్క చెయ్యలేదు. గబుక్కున వెనక్కి తిరిగి "మహారా—" అనబోయాడు. భట్టుగారు ఈక అడ్డం పెట్టి, ముందు నాలుక మీద తేనెచుక్క వేశారు. మావటి చప్పరించాడు. చిరునవ్వు నవ్వాడు. సన్నగా, తియ్యగా ఎత్తుకున్నాడు.

"శ్రీశ్రీశ్రీ మహారాజాధిరాజులకు, దాసానుదాసుడు పాదాలకు మొక్కి విన్నవించునదేమనగా, మనం ఎక్కిన ఈ భద్రమనే ఏనుగు..."

"ఆహా, బాగుంది. ఆ తర్వాత?" అన్నారు రాజుగారు.

ఆ తర్వాత భద్రం వంకలోకి దిగి హాయిగా పక్కకి ఒరిగింది.

అంబారీ ఒక వైపు, భట్టుగారు ఒక వైపు, రాజుగారు సరిగ్గా కాలవ నీళ్ళు వచ్చి పడే మడుగులో. నడుం లోతు. బోర్లా పడ్డారు కాబట్టి రెండు గుక్కలు మింగాక గాని పైకి లేవలేకపోయారు. కిరీటం నిండా పచ్చనీళ్ళు. మొహం వికారంగా పెట్టి ఉమ్మేస్తూ, "నోరు... నోరు పుక్కిలించాలి, మంచినీళ్ళు!" అన్నారు.

అక్కడే చెలమ దగ్గర సుంకమ్మ కుండతో ఉంది. గబగబా వచ్చి ముంత నిండా ముంచి అందించింది. రాజుగారు నోట్లో పోసుకుని భళ్ళున ఉమ్మేశారు.

"ఇవి కూడా అవే! మంచినీళ్ళు తెమ్మంటే..."

"మాకున్న మంచినీళ్ళు ఇవే దొరా" అంది సుంకమ్మ.

మర్నాడు దర్బారు కిటకిటలాడింది. ఊరేగింపు సంగతి తెలియని జనానికి రాజుగారు మడుగులో పడ్డ సంగతి మాత్రం చాటింపు లేకుండానే తెలిసిపోయింది. సుంకమ్మ గుమ్మంలో నిలబడింది. మాసెన్నని సభ మధ్యలోకి తోసుకొచ్చారు. అతను తలపాగాలో తాటాకు ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. ఈ పూట మాట తప్పిందో తల ఉండదు, తల పోతే వాడకి నీళ్ళూ ఉండవు.

రాజుగారు పొట్ట పట్టుకుని వచ్చారు. కళ్ళు గుంటలు పడ్డాయి. మాసెన్నని చూడగానే సింహాసనం దిగి, ఈక దగ్గరికొచ్చి గర్జించారు. "ఒరే! నా పుట్టినరోజుకి ఒక్క పురుగు రాలేదు! పైగా ఆ పెంట నీళ్ళు నా కడుపులో..."

ఈక దారంతో సహా గిరగిరా తిరిగి రాజుగారి కిరీటానికి చుట్టుకుంది. భట్టుగారి చెయ్యి అలవాటు చొప్పున లేచింది.

డుబ్.

సభ నిర్ఘాంతపోయింది. భట్టుగారు తన చేతిని తనే నమ్మలేనట్టు చూసుకున్నారు.

మాసెన్న వంగి దణ్ణం పెట్టాడు. తలపాగాలోంచి తాటాకు తీసి చూపించాడు. "దొరా, చాటింపు ఒక్క అక్షరం తప్పకుండా వేశాను. ఈక కదలలేదు. ఇదిగో భట్టుగారి ముద్ర. ఇప్పుడు ఈక కదిలింది తమరి గొంతుకి."

"నేను రాజునిరా!"

"ఆ పాలరాతి మీది మాట తమరు అల్లిందే. నాకు చదువు రాదు గాని, తమరు చదివించగా వంద సార్లు విన్నాను. రాజుకైనా రైతుకైనా ఒకటే ఈక."

రాజుగారు రాయి వంక చూశారు. సభ కూడా రాయి వంకే చూసింది. అంత చక్కటి వాక్యాన్ని కాదనడానికి ఆయనకి మనసు రాలేదు. "సరే, నాకు మాత్రం చేతకాదా ఏం? తే తేనె!" అన్నారు.

తేనె నాకారు. చిరునవ్వు నవ్వబోయారు. కడుపులో మెలిపెట్టింది. పళ్ళు బిగబట్టి గుసగుసగా ఏదో అన్నారు.

"వినపడలేదు దొరా" అన్నాడు మాసెన్న. "వినపడని ఫిర్యాదు చేయని ఫిర్యాదని భట్టుగారు..."

"ఔనా భట్టూ?"

"నిజంగానే వినపడలేదు మహారాజా" అన్నారు భట్టుగారు, చెమటలు తుడుచుకుంటూ. డుబ్.

రాజుగారికి పంతం వచ్చింది. ఇంకో చుక్క తేనె నాకారు. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో తాళం వేసుకుంటూ, చెంపలు పగిలేలా నవ్వుతూ రాగం ఎత్తుకున్నారు.

"ఏనుగుల సావిడి కాలవ... చెలమల్లో కలిసింది... రెండు గుక్కలు మింగానూ... తెల్లార్లూ వాంతులేనూ..."

ఈక ఉలకలేదు, పలకలేదు. రాజుగారు గెలిచినట్టు చుట్టూ చూశారు.

"ఆహా!" అని గుమ్మంలోంచి సుంకమ్మ గట్టిగా చప్పట్లు కొట్టింది. "ఎంత తియ్యగా చెప్పారు దొరా! ఇంకొక్కసారి!"

అలవాటైన సభ అలవాటు ప్రకారం చప్పట్లు కొట్టింది.

"మరి నా కడుపు?" అన్నారు రాజుగారు బిక్కమొహం వేసి.

మాసెన్న చేతులు కట్టుకున్నాడు. "ఇంత హాయిగా చెప్పగలిగారంటే బాధ పెద్దదేం కాదన్నమాట దొరా."

అంతే. రాజుగారు భగ్గుమన్నారు. "పెద్దది కాదా! పేగులు తెగిపోతుంటే నవ్వమంటావు, రాగం తీయమంటావు! నొప్పి ఉన్నవాడి గొంతు నొప్పిలాగే ఉంటుందిరా! నా గొంతు కాదు చూడాల్సింది, నేను చెప్పేది విను!"

ఆ కేకకి సభలో దీపాలు రెపరెపలాడాయి. రాజుగారు అలా నోరు తెరుచుకునే ఉండిపోయారు. తను అన్న మాట తన చెవిలోనే పడింది మరి. మెల్లగా తల తిప్పి గుమ్మంలో ఉన్న సుంకమ్మని చూశారు.

"ఆవిడ... ఆ రోజు చెప్పింది ఇదేనా?"

"ఇదే దొరా. కాకపోతే తమరు మింగింది రెండు గుక్కలు. మావాళ్ళు చలికాలం నుంచీ తాగుతున్నారు" అన్నాడు మాసెన్న. "నా మనవరాలికి ఏడవడానికి కూడా గొంతు లేదు దొరా. దానికి మీ ఈక అక్కర్లేదు."

రాజుగారు సింహాసనం మెట్టు మీద కూలబడ్డారు. పాపం, ఏం చెయ్యాలో తెలియని భట్టుగారి చెయ్యి మళ్ళీ లేచింది.

డుబ్.

రాజుగారు ఆ గంట వంక చూశారు. కిరీటానికి చుట్టుకున్న దారాన్ని తడుముకున్నారు. ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని, నొప్పికి కొంత, సిగ్గుకి కొంత, విరగబడి నవ్వారు. "ఏడాది పాటు నాకు వినిపించింది ఇదన్నమాట, డుబ్!" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "మాసెన్నా, నన్ను ముంచావయ్యా, నిజంగానే ముంచావు. ఏం కావాలో అడుగు."

మాసిగాడు మాసెన్న అవడం సభంతా విన్నది.

"కాలవ ఈ పూటే మళ్ళించాలి దొరా. చెలమలు తేరుకునే దాకా ఊరి బావి చేద మా చేతికి ఇవ్వాలి. తేరుకున్నాక కూడా తీసుకోకూడదు."

"ఇచ్చాను" అన్నారు రాజుగారు. రాజవైద్యుణ్ణి ఆ క్షణమే వాడకి పంపారు. చేతి కడియం తీసి మాసెన్నకి, భుజం మీది పట్టుశాలువా సుంకమ్మకి ఇచ్చారు. ఆ తర్వాత ఈకని వేళ్ళతో పట్టుకుని, "మరి దీన్నేం చెయ్యను?" అన్నారు.

సుంకమ్మ ముందుకొచ్చింది. ఈసారి ఎవరూ తేనె ఇవ్వలేదు, ఆవిడ నవ్వనూ లేదు.

"మా వాడలో చెవిలో గుబిలి చేరితే కోడీక పెట్టి తిప్పి తీసుకుంటాం దొరా. తమరిది నెమలీక, ఇంకా మంచిది. ఇన్నాళ్ళూ దాన్ని తెచ్చి మా నోటి ముందు కట్టారు. అది ఉండాల్సింది తమరి చెవిలో."

భట్టుగారికి ప్రాణం పోయినంత పనైంది. రాజుగారు మాత్రం కోట గోడల మీద పావురాలు లేచిపోయేలా నవ్వారు. నవ్వి, నిండు సభలో, ఆ ఈకని చెవిలో పెట్టుకుని ఒక తిప్పు తిప్పారు.

ఆ మధ్యాహ్నం మాసెన్న దూది పీకేసి, డప్పు వెచ్చబెట్టి, కోటగుమ్మం దగ్గర కేక వేశాడు. కాలవ మళ్ళిందని, ఊరి బావి అందరిదని. కొండ మీద మేకలు తల తిప్పి చూశాయి. అంతఃపురంలో రాజుగారు ఉలిక్కిపడి చెవుల దాకా చేతులు ఎత్తి, మళ్ళీ దించేసుకున్నారట.

ఎనిమిదో రోజు పొద్దున పోచి మంచం మీద లేచి కూర్చుని, అన్నం ఆలస్యమైందని ఆరున్నొక్క రాగం అందుకుంది. వంక దాటి, ఊరు దాటి, కోట దాకా వినిపించింది. సుంకమ్మ పొయ్యి దగ్గర చేతులు కడుక్కుని, గుమ్మంలో కూర్చుని, ఆ ఏడుపంతా తీరిగ్గా విని, అప్పుడు లేచి అన్నం పెట్టింది.